ఇచ్చి పుచ్చుకొనుట

అనంతపురము మెట్టసీమలో పుట్టి పెరిగిన బాలునకు సముద్రము చెవికి తెలిసినదే గాని కంటికి తెలిసినది కాదు. పెన్నేటి నడుమ నిలిచినను అతనికి ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకయే కనబడును. అట్టి సీమ పిల్లలకు సముద్రగర్భమున తిరుగు నావికుల ముచ్చట చెప్పబూనుట వింతగా తోచవచ్చును. కాని కొంచెము ఆలోచించినచో ఆ నావికులకును మన పల్లెవాసులకును దగ్గరి చుట్టరికము కలదని తెలియగలదు. ఇరువురును కొరత నెరిగినవారే. చుట్టును అంతులేని నీరున్నను నావికునకు త్రాగునీరు కొలతతోనే దొరకును. చుట్టును విశాలమైన నేల యున్నను మన రైతునకు పంట వానను బట్టియే దొరకును. కొరతలో బ్రతుకువారు ఒకరికొకరు ఏమి ఇచ్చుకొందురు? ఎట్లు పుచ్చుకొందురు? అందు న్యాయమేది, అన్యాయమేది? ఈ విషయమును గూర్చి నా అభిప్రాయమును మీ ముందుంచ దలచితిని.

విశాఖపట్టణమున రామకృష్ణా బీచిలో ఇసుకపై నిలిచియున్న 'కురుసుర' అను జలాంతర్గామిని మీలో కొందరు విహారయాత్రకు పోయినప్పుడు చూచియుందురు. అది సోవియట్ దేశమున నిర్మింపబడి, 1969 డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున చేరినది. ముప్పది యొక్క సంవత్సరములు కొలువు చేసి, 2001 ఫిబ్రవరి 27వ తేదీన విరమించినది. 2002 ఆగస్టు నుండి ప్రదర్శనశాలగా ప్రజలకు కనువిందు చేయుచున్నది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. వినుటకు ఇది పెద్ద కొలతయే. కాని లోపలికి పోయి చూచినవారికి ఆ పొడవులో మనుష్యునకు మిగిలిన చోటు ఎంత స్వల్పమో తెలియును. యంత్రములు, బ్యాటరీలు, టార్పెడోలు, గొట్టములు, చక్రములు ఆక్రమింపగా మిగిలిన సందులలో సుమారు డెబ్బది యైదుగురు కాపురముండెడివారు. ఒక గది నుండి మరియొక గదికి పోవలెనన్నచో గుండ్రని ద్వారములో వంగి దూరవలసినదే.

ఇట్టి నౌక డీజిలు యంత్రములతోను బ్యాటరీలతోను నడచును. లోతున మునిగినప్పుడు దానికి బ్యాటరీలే ఆధారము. వానిని మరల నింపుటకు నీటిపైకి వచ్చుటయో, గాలిగొట్టము మాత్రము నీటిపై తేలునంత ఎత్తునకు వచ్చుటయో జరుగవలెను. అందుచే విద్యుచ్ఛక్తి, గాలి, మంచినీరు అన్నియును పొదుపుగా వాడవలసినవే. స్నానమునకు నీరు లేదనియే చెప్పవచ్చును. రేవు విడిచిన కొలది దినములకే పచ్చికూరలు అయిపోవును. అటుపిమ్మట డబ్బాలలోని ఆహారమే గతి. లోపల సూర్యుడు కనబడడు. గడియారమును, కాపలా వంతును చూచియే పగలు రాత్రి తెలిసికొనవలెను. పెక్కు జలాంతర్గాములలో మనుష్యులకన్న పడకలు తక్కువ. ఒకడు లేచిపోయిన పడకపై, దాని వెచ్చదనము ఆరకముందే, కాపలా దిగి వచ్చినవాడు మేను వాల్చును.

ఇట్టి చోట అధికారి అన్నము, టీ, తీపి పదార్థములు అందరకు సమముగా పంచిపెట్టును. అందరకు సమముగా అందినప్పుడు మార్పిడి యెందులకు అని మీరు అడుగవచ్చును. ఇందే ఒక చక్కని విషయమున్నది. వంతులు సమానమైనంత మాత్రమున ఇష్టములు సమానములు కావు. ఒకనికి తీపి పడదు, టీ లేనిదే ప్రొద్దు గడవదు. వాని తోటివానికి తీపియనిన ప్రాణము. వీడు తన తీపిని వానికిచ్చి వాని టీని పుచ్చుకొన్నచో నౌకలో ఒక్క చుక్క టీ గాని, ఒక్క పలుకు చక్కెర గాని పెరుగలేదు. అయినను ఇద్దరి సుఖమును పెరిగినది! ఒకడు చదివిన నవలను మరియొకని పాటల పెట్టెకు మార్చుకొనును. ఇంటినుండి తెచ్చుకొన్న ఆవకాయ ఒకనికి మిగులును, మరియొకనికి ఉత్తరము వ్రాయుటకు కాగితములు మిగులును. సమయమును గూడ ఇట్లే మార్చుకొనుట కలదు. అధికారి అనుమతించినచో, తలనొప్పితో నున్నవాని కాపలా వంతును తోటివాడు చేసి, మరునాడు తన వంతును అతనిచే చేయించుకొనును. ఇవి చిన్న సుఖములు. గట్టుపై నున్నవానికి వీని విలువ కనబడదు. వారములకొలది ఇనుప గోడల నడుమ నుండువానికి ఇవి పండుగలతో సమానము.

బ్రిటిషు నౌకాదళమున నావికులకు దినమునకొక కొలత రమ్ము పంచిపెట్టు ఆచారము 1970 జులై 31వ తేదీతో అంతరించినది. ఆ పానీయము మేలైనదని నేను చెప్పబోవుట లేదు. కాని దానిని నావికులు వాడుకొన్న తీరు గమనింపదగినది. ఒకడు మరియొకనికి మేలు చేసినచో, ఆ రెండవవాడు తన కొలత నుండి అతనికి ఒక చప్పరింపు ఇచ్చెడివాడు. మేలు పెద్దదైనచో నిండు గుక్క ఇచ్చెడివాడు. నియమములు ఇట్టి మార్పిడిని నిషేధించినను అది తరతరములు సాగినది. నాణెము చెల్లని చోట గూడ మానవులు కృతజ్ఞతను కొలుచుటకు ఏదో యొక కొలతను కల్పించుకొందురని దీనివలన తెలియుచున్నది.

అయితే జలాంతర్గామిలో మార్పిడికి లొంగని వస్తువులు కొన్ని గలవు. తన వాటాకు వచ్చిన తీపిని ఇచ్చుటకు నావికునకు స్వేచ్ఛ యున్నది. నౌకలోని మంచినీటి తొట్టిని, గాలిని, బ్యాటరీల శక్తిని ఎవ్వడును తన సొమ్ముగా భావించి బేరము పెట్టరాదు. అవి అందరి ప్రాణములు. ఒక్కడు దొంగచాటుగా నీరు వాడినచో ఆ లోటు అందరి గొంతులను ఎండించును. కనుక ఇచ్చి పుచ్చుకొనుటకు మొదటి హద్దు ఇది: తన సొంతమును మార్చుకొనవచ్చును, అందరి సొత్తును మార్చుకొనరాదు.

ఇక మన మెట్టసీమకు వత్తము. ఇప్పుడు అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలుగా నున్న ఈ ప్రాంతమున ఏటికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘముల తేమను పడమటి కనుమలు ముందే తీసికొనును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి, ఇచటికి చేరునప్పటికి అలసిపోవును. వేరుసెనగ విత్తిన రైతు ఆకాశము వంక చూచుచు నెలలు గడుపును. ఇట్టి చోట ఇరుగుపొరుగుల మార్పిడి లేకున్నచో బ్రతుకు సాగదు.

మన పల్లెలలో తెల్లవారినది మొదలు ఈ మార్పిడి జరుగుచునే యుండును. పాలు కాచుకొన్న ఇల్లాలు తోడునకై పొరుగింటికి గిన్నె పంపును. ఒక ఇంట చింతపండు నిండుకొన్నచో మరియొక ఇంటి నుండి వచ్చును. పూర్వము అగ్గిపెట్టె కొన లేని దినములలో నిప్పును గూడ పిడకపై పెట్టి ఇచ్చెడివారు. ఒక్క ఎద్దే గల రైతు, ఒక్క ఎద్దే గల మరియొక రైతుతో పొత్తు కలియును. వాన పడిన పిమ్మట నేల పదును నాలుగు దినములకన్న నిలువదు. ఆ నాలుగు దినములలో ఇద్దరి ఎద్దులును ఒక కాడి క్రింద చేరి, ముందొకని చేను, తరువాత మరియొకని చేను దున్నవలెను. ఎవరి చేను ముందు అన్నది వారి మధ్యనున్న నమ్మికయే నిర్ణయించును. నీటి బండి వచ్చు వీధిలో బిందెలు వరుస తీరి యుండును. మనిషి లేకున్నను బిందెయే మనిషికి బదులుగా నిలుచును. ఒకామె ఇద్దరి బిందెలను కనిపెట్టుకొని యుండగా, రెండవ యామె ఇద్దరి పసిపిల్లలను కనిపెట్టుకొని యుండును. నావికులు కాపలా మార్చుకొనుటకును దీనికిని భేదమేమున్నది?

ఈ మార్పిడిలో మా యింటి పెద్దలు ఒక నియమమును తప్పక పాటించెడివారు. పొరుగింటి నుండి ఏదేని గిన్నెలో వచ్చినచో, ఆ గిన్నెను వట్టిదిగా తిరిగి పంపరాదు. ఏమియును లేకున్నచో చిటికెడు చక్కెరయో, రెండు మిరపకాయలో వేసి పంపవలెను. మీ యిండ్లలో గూడ ఈ ఆచారము ఉండవచ్చును. చిన్నప్పుడు ఇది ఒక చాదస్తమని నేను తలచితిని. దాని అర్థము నాకు బోధపడిన తీరు చెప్పెదను. అది నాకు గౌరవము కలిగించు కథ కాదు. అయినను మీకు ఉపయోగపడునని చెప్పుచున్నాను.

నేను ఆరవ తరగతి చదువుచుండగా ఒక యేడు, వేరుసెనగ పైరు ఊడలు దిగు వేళకు వాన మొగము చాటు చేసినది. అప్పటికి మా బడిలో మధ్యాహ్న భోజనము లేదు. నేను దినమును జొన్నరొట్టె, ఊరుబిండి మూట కట్టుకొని పోయెడివాడను. నా ప్రక్కన కూర్చుండు బాలుడు ఒకనాడు తన రెండు గోలీలు నాకిచ్చి సగము రొట్టె అడిగెను. నేను సంతోషముతో ఇచ్చితిని. మరునాడు మరి మూడు గోలీలు వచ్చినవి. మూడవనాడు అతడు తన వృత్తలేఖిని తీసి నా ముందుంచెను. అది అతని మేనమామ కొనిపెట్టిన క్రొత్త వస్తువు. నేను ఒక రొట్టె నిచ్చి దానిని పుచ్చుకొంటిని. ఇంత మంచి బేరము చేసితినని ఆ సాయంకాలమంతయు పలకపై సున్నాలు చుట్టుచు మురిసితిని.

మా అవ్వ చూచినది. "అది యాడిదిరా?" అని అడిగినది. జరిగినది చెప్పి, "వాడే ఇచ్చినాడు అవ్వా, నేనేం లాక్కోలేదు" అంటిని. అవ్వ కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "వాళ్ల నాయన పనికని బెంగుళూరు పోయి నెల దాటింది. ఇంట్లో పొయ్యి పొద్దుకొకతూరి వెలిగేది కూడా కష్టంగా ఉంది. వాడు ఇయ్యలేదు నాయనా, వాని ఆకలి ఇప్పించింది" అన్నది. ఆ మాటతో నా చేతిలోని వృత్తలేఖిని బరువెక్కినట్లయినది. అవ్వ ఒక గిన్నె నిండ కొర్రలు పోసి, వృత్తలేఖినిని, గోలీలను నా చేతికిచ్చి, "పోయి ఇచ్చిరా. బదులుకు తెచ్చినామని చెప్పు. ఊరకనే ఇస్తున్నామని అనొద్దు" అని పంపినది.

రెండు దినముల తరువాత ఆ బాలుడు మా గిన్నెను తిరిగి తెచ్చెను. అందులో కొండపై కోసి తెచ్చిన సీతాఫలములు రెండుండెను. "గిన్నె ఉత్తగా రాలేదు, చూసినావా?" అని అవ్వ సంతోషించినది. ఆ పండ్లు కొర్రలకు సరితూగునా అని ఆమె లెక్క చూడలేదు. ఆ కుటుంబము చేయి చాచినట్లు గాక, ఇచ్చి పుచ్చుకొన్నట్లుగా నిలిచినది. అదియే ఆమెకు కావలసినది. పెద్దవాడనైన పిమ్మట నాకు తెలిసిన దేమనగా, వట్టిగిన్నె పంపరాదను నియమము పుచ్చుకొన్నవాని గౌరవమును కాపాడుటకై ఏర్పడినది. ఇచ్చినవాని లాభమునకై ఏర్పడినది కాదు.

నేను చేసిన మార్పిడికిని, నావికుడు తీపినిచ్చి టీ పుచ్చుకొనుటకును పైకి భేదము లేదు. రెంటను ఇద్దరును ఒప్పుకొనిరి, రెంటను బలవంతము లేదు. కాని నావికులిద్దరకును కడుపు నిండియున్నది. వారు మార్చుకొన్నవి ఇష్టములు. నా మిత్రుడు ఆకలిని ఒక ప్రక్కనుంచుకొని బేరమునకు వచ్చెను. వాని 'సరే' యను మాటకు స్వేచ్ఛ లేదు. కనుక ఇచ్చి పుచ్చుకొనుటకు రెండవ హద్దు ఇది: ఎదుటివాడు 'వద్దు' అని చెప్పగల స్థితిలో నున్నప్పుడే మార్పిడి న్యాయమగును.

ఇది మా అవ్వ యొక్కతె భావించినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రువులకు చిక్కి యుద్ధఖైదీగా నుండిన రాడ్‌ఫోర్డ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు, విడుదలైన పిమ్మట 1945 నవంబరులో 'ఎకనామికా' అను పత్రికలో తన శిబిరపు అనుభవములను వ్రాసెను. రెడ్‌క్రాసు వారు పంపు పొట్లములలో పాలడబ్బా, జాము, వెన్న, మాంసము, చాక్లెట్టు, చక్కెర, సిగరెట్లు ఖైదీలకు ఇంచుమించు సమముగా వచ్చెడివి. పొగ త్రాగనివాడు తన సిగరెట్లను చాక్లెట్టునకు మార్చుకొనుటతో అచట వర్తకము మొదలైనది. క్రమముగా సిగరెట్టే నాణెమైనది. ఆ శిబిరమున మన దేశపు సిక్కు సైనికులును ఉండిరి. ఉర్దూ తెలిసిన ఒకడు వారి మాంసపు డబ్బాలను కొని, వారికి వెన్న, జాము అమ్మి లాభము గడించెనట. ఈ సంగతి తెలిసి మరికొందరు ఆ బేరమునకు దిగగా ధరలు అంతటను సమమునకు వచ్చినవట. ఇంత వర్తకము సాగిన ఆ శిబిరమున గూడ, నడుమ నిలిచి లాభము లాగుటను తోటి ఖైదీలలో పెక్కురు తప్పుగా నెంచెడివారని అతడు వ్రాసినాడు. జర్మనీ దేశపు ముళ్లకంచె లోపలను, మన సీమ పల్లెలోను మానవుని న్యాయబుద్ధి లాభమునకు ఒక గీత గీసినదని గమనింపుడు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. "ఇరుగుపొరుగులు ఇట్లు సర్దుకొనుచున్నచో కరవును గూర్చి ప్రభుత్వము ఏల చింతింపవలెను?" అని కొందరందురు. ఇది ప్రమాదకరమైన తర్కము. మార్పిడికి ఇద్దరి చేతులలోను ఏదో యొకటి ఉండవలెను. ఊరంతయు ఎండినప్పుడు ఎవరు ఎవరికి ఏమి ఇచ్చుకొందురు? 1876 - 78 నాటి ఘోర క్షామమున ఇట్లే జరిగినది. అప్పటికి అనంతపురము ప్రత్యేక జిల్లా కాదు. బళ్లారి జిల్లాలో భాగముగా నుండి, 1882లో వేరుపడినది. ఆ క్షామమున, 1877లో, రిచర్డు టెంపుల్ అను అధికారి సూచించిన ప్రకారము పనిలోనికి వచ్చిన పురుషునకు దినకూలి ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును మాత్రమే. కష్టించు దేహమునకు ఇది చాలదని మదరాసు ఆరోగ్య కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించెను. ఆకలిగొన్నవాడు ఒప్పుకొన్నాడు గనుక ఆ కూలి న్యాయమైనదని చెప్పగలమా? వృత్తలేఖిని నిచ్చిన నా మిత్రుని కథయే అది, మిక్కిలి పెద్ద కొలతలో.

కనుక చిన్న సుఖములను ఇచ్చి పుచ్చుకొనుట వేరు, ప్రాణాధారములను అందరకు అందించుట వేరు. జలాంతర్గామిలో గాలి, నీరు, అన్నము నౌకాధిపతి బాధ్యత. అవి అందరకు అందుచున్నవి గనుకనే నావికుల మార్పిడి ముచ్చటగా నుండును. అటులనే త్రాగునీరు, తిండిగింజలు, పని, ఇవి ప్రభుత్వము యొక్కయు సమాజము యొక్కయు బాధ్యత. అవి నిలిచియున్నప్పుడే పొరుగింటి గిన్నెలోని చింతపండునకు రుచి. ఒకడు జబ్బుపడినచో నౌకలో వాని కాపలాను తోటివారు పంచుకొని చేయుదురు. ఆ లెక్క ఎవ్వరును వ్రాయరు. చేయి వట్టిదైనవానికి మార్పిడి కాదు, సహాయమే చేయవలెను. అదియును వాని తల వంగకుండ చేయవలెను.

ఈ దినములలో అంగడిలో అన్నియు దొరకుచున్నవి, జేబులో రూకలుండిన చాలును, పొరుగింటి గడప త్రొక్కవలసిన పని లేదని కొందరు గర్వింతురు. రూక మంచి పనిముట్టే, కాదనను. కాని దుకాణదారునకు వెల చెల్లించినతోడనే మన సంబంధము తీరిపోవును. పొరుగింటికి పోయిన గిన్నె మరల రావలసియుండును, మరల పోవలసియుండును. ఆ రాకపోకలలో ఎవరి ఇంట జ్వరమున్నదో, ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదో తెలియును. మా అవ్వకు నా మిత్రుని ఇంటి సంగతి తెలిసినది అట్టి గిన్నెల వలననే గాని వార్తాపత్రిక వలన కాదు.

బాలబాలికలారా! మీరును బడిలో దినదినము మార్పిడులు చేయుచుందురు. కలమునకు బొమ్మలు, చిరుతిండికి గోలీలు, లెక్కలు చెప్పినందుకు చిత్రము గీసి ఇచ్చుట, ఇట్టివి ఎన్నియో గలవు. ఇవి మానుకొనుడని నేను చెప్పను. సంతోషముగా చేయుడు. కాని ఇచ్చునది మీ సొంతమేనా అని ఒకసారి చూచుకొనుడు. పుచ్చుకొనునప్పుడు ఎదుటివాని మొగము వంక గూడ ఒకసారి చూడుడు. వాడు ఇష్టముతో ఇచ్చుచున్నాడా, వాని అవసరము ఇప్పించుచున్నదా? రెండవదే నిజమని తోచినచో బేరమును ఆపి, మీ మూట విప్పి, వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని తినుడు. ఏదో యొకనాడు వాడు కొండ సీతాఫలము తెచ్చినప్పుడు వద్దనక పుచ్చుకొనుడు.